ఒకే బిందువుకు ఆరు దారులు: హ్యారీ మేన్ స్టాకింగ్ అసలు ఏం చేస్తుంది?

చమురు, సహజవాయువు కోసం భూగర్భాన్ని వెతికే సీస్మిక్ సర్వే గురించి చదివినవాళ్లకు "స్టాకింగ్" అనే మాట తగిలే ఉంటుంది. ఒకే చోటుకు చెందిన చాలా రికార్డులను కలిపితే రొద తగ్గి, అసలు సంకేతం పైకి తేలుతుందని చెప్పి సాధారణంగా అక్కడితో వదిలేస్తారు. అది నిజమే గానీ సగం నిజం. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో పెట్టీ జియోఫిజికల్ కంపెనీలో పనిచేసిన హ్యారీ మేన్ 1950లో ఆలోచించి, 1956లో పేటెంట్ పొందిన ఈ పద్ధతి బలమంతా మిగతా సగంలో ఉంది. ఆ సగం అర్థమైతే ఇది ఎక్కడ ఎందుకు దెబ్బతింటుందో కూడా అర్థమవుతుంది.

ముందు సమస్య ఏమిటో చూద్దాం. నేలలో బోరు వేసి, అడుగున కొద్దిపాటి పేలుడు పదార్థం పెట్టి పేలుస్తారు. ధ్వని తరంగం కిందికి దిగి, రాతి పొరలు మారే చోట కొంత కొంతగా వెనక్కి మళ్లుతుంది. పైన వరుసగా గుచ్చిన జియోఫోన్లు ఆ కదలికను పట్టుకుంటాయి. పేలిన క్షణం నుంచి తరంగం తిరిగొచ్చేదాకా పట్టిన సమయమే మనకు దొరికే కొలత. క్లారెన్స్ కార్చర్ బృందం 1921లో ఓక్లహామాలో దీన్ని మొదటిసారి పొలంలో చేసి చూపింది. చమురు ధరలు పడిపోవడంతో అప్పటికి ఆ పని ఆగింది. 1930లో కార్చర్ మరొకరితో కలిసి జియోఫిజికల్ సర్వీస్ అనే సంస్థను పెట్టాక అది వ్యాపారంగా నిలదొక్కుకుంది. ఈనాటి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఆ సంస్థ నుంచి పుట్టిందే.

తర్వాతి ఇరవై ఏళ్లలో తేలిగ్గా కనిపించే నిర్మాణాలు చాలావరకు దొరికిపోయాయి. రికార్డులో రొద ఎక్కువగా ఉన్న ప్రాంతాలు మిగిలాయి. ఆ రొదలో గాలి, వాహనాలు, పంపుసెట్ల వంటి బయటి చప్పుళ్లు ఒక రకం. పేలుడు నుంచే పుట్టి నేల పైపొర వెంబడి పాకే తరంగం ఇంకో రకం. దీన్ని గ్రౌండ్ రోల్ అంటారు. నెమ్మదిగా, సెకనుకు 300 నుంచి 600 మీటర్ల వేగంతో పోతుంది, కానీ బలం చాలా ఎక్కువ. మూడోదే అన్నిటికంటే మోసకారి. తరంగం తక్కువ లోతులో ఉన్న ఒక రాతి పొరకూ నేల ఉపరితలానికీ మధ్య రెండుసార్లు కొట్టుకుని, లోతు పొర నుంచి వచ్చినట్టే ఆలస్యంగా వచ్చి చేరుతుంది. దీని పేరు మల్టిపుల్. చూడటానికి అచ్చం నిజమైన పొరలాగే ఉంటుంది. దాన్ని నమ్మి బావి తవ్వితే అక్కడ ఏ పొరా ఉండదు.

గ్రౌండ్ రోల్‌కు అప్పటికే మందు ఉంది. 500 మీటర్ల వేగం, 10 హెర్ట్జ్ పౌనఃపున్యం ఉన్న తరంగానికి పొడవు 50 మీటర్లు. ఒక్క జియోఫోన్ బదులు డజనో రెండు డజన్లో జియోఫోన్లను 50 మీటర్ల పొడవున పరిచి, అన్నిటినీ ఒకే తీగకు కలిపితే అడ్డంగా పాకే తరంగం ఎత్తు పల్లాలు తమలో తాము కొట్టేసుకుంటాయి. కింద నుంచి దాదాపు నిలువుగా వచ్చే ప్రతిఫలనం మాత్రం అన్ని జియోఫోన్లనూ ఒకేసారి తాకుతుంది కాబట్టి బలపడుతుంది.

మల్టిపుల్ కూడా కింద నుంచి నిలువుగానే వస్తుంది. 50 మీటర్ల గుంపుకు దానికీ నిజమైన ప్రతిఫలనానికీ తేడా తెలియదు. తేడా పట్టాలంటే గుంపు పొడవు కిలోమీటరుకు పైగా ఉండాలి. అంత పొడవున జియోఫోన్లు పరిచి నేరుగా ఒకే తీగకు కలిపితే రెండు నష్టాలు. దూరపు జియోఫోన్లకు ప్రతిఫలనం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి దాన్ని దాన్నే చెరుపుకుంటుంది. పైగా ఒక్కో జియోఫోన్ కింద పొరలో ఒక్కో బిందువును చూస్తుంది, కాబట్టి అరకిలోమీటరు పొడవున్న పొరంతా ఒక్క ట్రేస్‌లోకి, అంటే రికార్డులోని ఒక్క గీతలోకి, అలుక్కుపోతుంది.

మేన్ విప్పిన ముడి ఇదే. కిలోమీటరు పొడవు గుంపును నేల మీద కట్టకుండా, ఒక్కో ముక్కనూ వేర్వేరుగా రికార్డు చేసి, ఆలస్యాన్ని సరిచేసి, తర్వాత కలిపితే సరిపోతుంది. అన్ని ముక్కలూ పొరలోని ఒకే బిందువును చూసేలా షాట్‌నూ (పేలుడు పెట్టే చోటు) జియోఫోన్‌నూ ఆ బిందువుకు రెండు వైపులా సమాన దూరంలో పెట్టుకుంటూ పోవాలి. పొర సమతలంగా ఉంటే షాట్‌కూ జియోఫోన్‌కూ సరిగ్గా మధ్యన, దాని కిందే తరంగం మళ్లుతుంది. 1962లో ఆయన ప్రచురించిన వ్యాసంలో కూడా వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది: జియోఫోన్ గుంపులకు ఉన్న పరిమితిని ఎలా దాటాలి?

అంకెలతో చూస్తే విషయం తేటపడుతుంది. 24 చానెళ్లు (విడివిడిగా రికార్డయ్యే జియోఫోన్ స్థానాలు), చానెళ్ల మధ్య 50 మీటర్లు, షాట్ నుంచి ముందుకు 50వ మీటరు మొదలు 1,200వ మీటరు దాకా పరిచిన తీగ అనుకుందాం. ప్రతి 100 మీటర్లకూ ఒక షాట్. ప్రతి షాట్ తర్వాత తీగ మొత్తం 100 మీటర్లు ముందుకు జరుగుతుంది. ఇప్పుడు లైన్ మీద 1,000వ మీటరు కింద ఉన్న బిందువును తీసుకోండి. 900 దగ్గర పేల్చినప్పుడు 1,100 దగ్గరి జియోఫోన్ దాన్ని చూస్తుంది. 800 దగ్గర పేల్చినప్పుడు 1,200 దగ్గరిది. అలా 700కు 1,300, 600కు 1,400, 500కు 1,500, 400కు 1,600. మొత్తం ఆరు జతలు. వాటి దూరాలు 200, 400, 600, 800, 1,000, 1,200 మీటర్లు. దీన్నే ఆరు ఫోల్డ్ అంటారు. ఆ రోజుల్లో 600 శాతం కవరేజీ అనేవారు. సూత్రం కూడా చిన్నదే: చానెళ్ల సంఖ్యను చానెళ్ల మధ్య దూరంతో గుణించి, షాట్ల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. ఇక్కడ 24ను 50తో గుణిస్తే 1,200. దాన్ని 200తో భాగిస్తే 6.

ఈ ఆరు ట్రేస్‌లు ఆరు వేర్వేరు షాట్ల రికార్డుల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. వాటిని ఏరి ఒకచోట చేర్చడమే మొదటి మెట్టు. 1950లో రికార్డు అంటే ఫొటో కాగితం మీద గీసుకుపోయిన గీత. కాగితం మీది గీతను పక్కకు జరిపి మరో గీతతో కూడలేం. అందుకే ఆలోచన ముందు వచ్చింది, పనిముట్టు తర్వాత వచ్చింది. 1950ల్లో మాగ్నెటిక్ టేప్ వచ్చాక రికార్డును మళ్లీ మళ్లీ ఆడించి, డ్రమ్ మీద చదివే హెడ్లను ముందుకు వెనక్కి జరిపి ఆలస్యాన్ని సరిచేయగలిగారు. కాలంతో మారే ఆలస్యానికి క్యామ్‌లు అనే వంకర చక్రాలు ఆ హెడ్లను కదిలించేవి. కానీ టేప్ నుంచి టేప్‌కు ఎక్కించిన ప్రతిసారీ కొత్త రొద చేరేది. 1960ల్లో డిజిటల్ రికార్డింగ్, కంప్యూటర్ వచ్చాకే ఈ పద్ధతి ప్రపంచమంతా మామూలు పనైపోయింది.

ఇప్పుడు అసలు బలం దగ్గరికి వద్దాం. పొర 1,000 మీటర్ల లోతున ఉంది, అక్కడిదాకా సగటు వేగం సెకనుకు 2,000 మీటర్లు అనుకుంటే నిలువుగా దిగి పైకి రావడానికి ఒక సెకను పడుతుంది. షాట్, జియోఫోన్ దూరమయ్యేకొద్దీ దారి వాలుగా సాగుతుంది. పైథాగరస్ లెక్కే: నిలువు సమయం వర్గానికి, దూరాన్ని వేగంతో భాగించగా వచ్చినదాని వర్గం కలిపి, మొత్తానికి వర్గమూలం తీయాలి. 200 మీటర్ల దగ్గర ఆలస్యం 5 మిల్లీ సెకన్లు, 400 దగ్గర 20, 600 దగ్గర 44, 800 దగ్గర 77, 1,000 దగ్గర 118, 1,200 దగ్గర 166. ఈ ఆలస్యాలను తీసేస్తే ఆరు ట్రేస్‌ల్లోనూ ప్రతిఫలనం సరిగ్గా ఒక సెకను దగ్గర వరుసలో నిలుస్తుంది. కలిపితే ఆరింతలవుతుంది. గాలివాటపు రొద మాత్రం ఒక్కో ట్రేస్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆరు వర్గమూలం, అంటే 2.45 రెట్లే పెరుగుతుంది. లాభం ఆ తేడా. అందరూ చెప్పే సగం ఇదే.

మిగతా సగం కోసం అదే ఒక సెకను దగ్గరికి వచ్చే మల్టిపుల్‌ను చూడండి. 400 మీటర్ల లోతులో ఇంకో పొర ఉంది, దాని పైన వేగం 1,600. తరంగం అక్కడికి ఒకసారి దిగి రావడానికి అర సెకను, రెండోసారి మరో అర సెకను. నిలువు దారిలో చూస్తే మల్టిపుల్ కూడా సరిగ్గా ఒక సెకనుకే వస్తుంది. పక్కపక్కన పెట్టి చూసినా దొంగెవరో తెలియదు. కానీ అది పైన ఉన్న నెమ్మది రాతిలోనే తిరిగింది కాబట్టి దూరంతో పాటు దాని ఆలస్యం వేగంగా పెరుగుతుంది. 1,200 మీటర్ల దగ్గర అది 1.25 సెకన్లకు చేరుతుంది. నిజమైన పొరకు సరిపోయే 2,000 వేగంతో దిద్దితే ఆరు ట్రేస్‌ల్లో మల్టిపుల్ వరుసగా 3, 11, 25, 44, 68, 97 మిల్లీ సెకన్ల ఆలస్యంతో మిగిలిపోతుంది. 30 హెర్ట్జ్ తరంగానికి ఒక ఆవృత్తి 33 మిల్లీ సెకన్లు. అంటే ఒక ట్రేస్‌లో ఎత్తు ఉన్నచోట ఇంకో ట్రేస్‌లో పల్లం. ఆరూ కలిపి సగటు తీస్తే 30 హెర్ట్జ్ దగ్గర మల్టిపుల్ మూడో వంతుకు తగ్గుతుంది, నిజమైన పొర చెక్కుచెదరదు.

అంటే మేన్ పద్ధతి వేగాన్ని బట్టి వడపోసే జల్లెడ. జల్లెడ కన్ను ఎంత సన్నమన్నది ఫోల్డ్ కంటే అతి దూరపు జియోఫోన్ ఎంత దూరాన ఉందన్న దాన్ని బట్టే తేలుతుంది. ఫోల్డ్‌ను ఆరు నుంచి అరవైకి పెంచి, గరిష్ఠ దూరాన్ని 400 మీటర్ల దగ్గరే ఆపేస్తే గాలివాటపు రొద బాగా తగ్గుతుంది. మల్టిపుల్ మాత్రం 11 మిల్లీ సెకన్లకు మించి కదలదు, హాయిగా బతికేస్తుంది. సర్వే ఖర్చును ఫోల్డ్ అంకెతో మాత్రమే కొలిచేవాళ్లు ఈ సంగతి గమనించాలి. లక్ష్యం ఎంత లోతున ఉంటే గరిష్ఠ దూరం కూడా దాదాపు అంత ఉండాలన్న వాడుక నియమం ఇక్కడి నుంచే వచ్చింది.

దీనికి ఇంకో లాభం కూడా ఉంది. 2,000 సరైన వేగమని ముందే ఎవరికీ తెలియదు. 1,500 నుంచి 3,000 దాకా రకరకాల వేగాలతో దిద్ది చూసి, ఏ వేగంతో ఆరు ట్రేస్‌లూ వరుసలో నిలిచి కూడిక బలంగా వస్తుందో అదే ఎంచుకుంటారు. బావి తవ్వకముందే రాతిలో తరంగ వేగం ఎంతో తెలుస్తుందన్నమాట. ఆ వేగంతోనే సమయాన్ని లోతుగా మారుస్తారు. బావి తవ్వేముందు అసాధారణ పీడనం ఉన్న పొరలను అంచనా వేయడానికి కూడా అదే ఆధారం. ఒక్కో బిందువును ఒక్కసారే చూసే పాత పద్ధతిలో ఇంత వివరం దొరికేది కాదు.

ఇక దెబ్బతినే చోట్లు. అన్నిటికీ మూలం ఒక్కటే: ఆరు ట్రేస్‌లూ ఒకే బిందువును చూస్తున్నాయి, అన్నీ సరిగ్గా వరుసలో ఉన్నాయి అని మనం నమ్ముతున్నాం. ఆ నమ్మకం ఎక్కడ తప్పితే అక్కడ కూడిక నష్టం చేస్తుంది.

ఎక్కువ చోట్ల మొదటి దొంగ నేల పైపొర. వదులు మట్టిలో వేగం సెకనుకు 600 మీటర్లు కూడా ఉండొచ్చు. దాని కింద తడిసిన గట్టి నేలలో 1,800. ఒక జియోఫోన్ కింద వదులు మట్టి పక్కదానికంటే 10 మీటర్లు ఎక్కువ మందం ఉంటే దాని రికార్డు 11 మిల్లీ సెకన్లు ఆలస్యమవుతుంది. 30 హెర్ట్జ్ తరంగంలో అది ఆవృత్తిలో మూడో వంతు. ఇలాంటి చిన్న చిన్న పొరపాట్లు ట్రేస్ ట్రేస్‌కూ మారుతూ సగటున 5 మిల్లీ సెకన్లు అటూ ఇటూ ఉంటే, 20 హెర్ట్జ్ సంకేతం కూడికలో 80 శాతానికి పైగా మిగులుతుంది గానీ 50 హెర్ట్జ్ సంకేతం 30 శాతానికి పడిపోతుంది. చిత్రం పోదు, మొద్దుబారుతుంది. పలచని ఇసుకరాతి పొరలు రెండు కలిసి ఒకటిగా కనిపిస్తాయి. చూసేవాళ్లు "ఇక్కడి భూగర్భం ఇంతే" అనుకుంటారు, తప్పేమో పై పది మీటర్లలో ఉంటుంది. అందుకే లైన్ పొడవునా అక్కడక్కడా బోర్లు వేసి వదులు పొర మందం, వేగం కొలుస్తారు. ఆ తర్వాత మిగిలిన చిన్న తేడాలను ట్రేస్‌లను ఒకదానితో ఒకటి పోల్చి కంప్యూటర్ సరిచేస్తుంది. ఈ దిద్దుబాట్లను స్టాటిక్స్ అంటారు. తేడా సగం ఆవృత్తి దాటితే ఆ పోలిక కూడా పక్క శిఖరాన్ని పట్టుకుని తప్పుదారి పడుతుంది కాబట్టి పొలంలో చేసిన కొలతకు ప్రత్యామ్నాయం లేదు.

వేగం ఎంపికలో తప్పు కూడా ఇంతే చేటు. పై ఉదాహరణలో 2,000 బదులు 2,100 తీసుకుంటే, అంటే 5 శాతం తప్పుతో, 1,200 మీటర్ల ట్రేస్ 17 మిల్లీ సెకన్లు పక్కకు పోతుంది. 30 హెర్ట్జ్‌లో అది సరిగ్గా సగం ఆవృత్తి. ఆ ట్రేస్ సాయపడకపోగా ఎదురు తిరుగుతుంది. మల్టిపుల్ బలంగా ఉన్నచోట యంత్రమే వేగం ఎంచుకుంటే అది 1,600 దగ్గరి మల్టిపుల్ శిఖరాన్నే ఎంచుకోవచ్చు. అప్పుడు జల్లెడ తిరగబడి, దొంగను ఉంచి దొరను తోసేస్తుంది.

పైపొరల దగ్గర ఇంకో చిక్కు ఉంది. 0.4 సెకన్ల దగ్గరి పొరకు 1,600 వేగంతో 1,200 మీటర్ల ట్రేస్‌లో ఆలస్యమే 0.45 సెకన్లు. అంత దిద్దుబాటు చేస్తే తరంగం సాగిపోయి 40 హెర్ట్జ్ సంకేతం 20 లోపుకు దిగజారుతుంది. సాధారణంగా 30 శాతం కంటే ఎక్కువ సాగిన భాగాన్ని కత్తిరించేస్తారు. ఆ లెక్కన ఈ లోతులో 200, 400 మీటర్ల ట్రేస్‌లు రెండే మిగులుతాయి. కాగితం మీద ఆరు ఫోల్డ్ అని ఉన్నా 0.4 సెకన్ల దగ్గర అసలు ఫోల్డ్ రెండే.

చివరిది వాలు. పొర ఏటవాలుగా ఉంటే ప్రతిఫలన బిందువు సరిగ్గా మధ్యన ఉండదు. దూరం పెరిగేకొద్దీ వాలు పైకి జారుతుంది. అప్పుడు ఆరు ట్రేస్‌లు ఆరు వేర్వేరు బిందువులను చూస్తాయి. ఆ కారణంగానే మొదట్లో "ఉమ్మడి లోతు బిందువు" అన్న పేరును తర్వాతివాళ్లు "ఉమ్మడి మధ్య బిందువు"గా మార్చారు. వేగం కూడా మారినట్టు కనిపిస్తుంది: 2,000 వేగమున్న రాతిలో 30 డిగ్రీల వాలు పొర 2,309 దగ్గర బాగా కూడుతుంది. సమతల పొరలను వాలు ఫాల్ట్ (రాతి పొరలు విరిగి జారిన పగులు) కోసే చోట రెండూ ఒకే సమయానికి వస్తే, ఒకే వేగంతో రెండిటినీ నిలబెట్టలేం. సాధారణంగా ఫాల్ట్‌ను వదులుకోవాల్సి వస్తుంది. చమురు చిక్కుకుని నిలిచే ఉచ్చులు చాలా ఫాల్ట్‌ల పక్కనే ఉంటాయి. 1980ల్లో వాలు దిద్దుబాటు పద్ధతులు, ఆ తర్వాత కూడికకు ముందే తరంగాలను వాటి అసలు చోటికి చేర్చే మైగ్రేషన్ ఈ లోటును తీర్చాయి. కూడిక ఇప్పుడు దాదాపు ఆఖరి మెట్టు. కానీ ఆ పద్ధతులన్నీ నడిచేది మేన్ చెప్పినట్టు ఒక్కో చోటును ఎన్నో దూరాల నుంచి విడివిడిగా రికార్డు చేసిన సమాచారం మీదే.

కృష్ణా గోదావరి బేసిన్‌లో ఈ చిక్కులన్నీ ఒకేచోట కనిపిస్తాయి. డెల్టాలో ఊళ్లు, కాలువలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు. అనుకున్న చోట షాట్ పెట్టడం కుదరదు. ఇళ్లకు దూరంగా జరపాలి, లేదా వదిలేయాలి. వదిలేసిన ప్రతి షాట్‌తో ముందుగా పోయేవి దగ్గరి దూరాల ట్రేస్‌లు, కాబట్టి ఊరి కింద పైపొరల చిత్రమే ముందు చిరుగుతుంది. లోతు పొరలకు దూరపు ట్రేస్‌లు ఎలాగూ ఉంటాయి కాబట్టి అక్కడ నష్టం తక్కువ. జరిపిన షాట్‌ల లోటును పూడ్చడానికి ఇంకోచోట అదనపు షాట్‌లు పెడతారు. అప్పుడు చూడాల్సింది మొత్తం ఫోల్డ్ పటం ఒక్కటే కాదు, దగ్గర, నడిమి, దూరపు ట్రేస్‌లకు వేర్వేరుగా గీసిన పటాలు కూడా.

అక్కడే ఇంకా లోతున బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా రాయి, ఉంది. రాజమహేంద్రవరం చుట్టుపక్కల కాతేరు, పంగిడి, దుద్దుకూరు దగ్గర నేల పైకి కనిపించే నల్లరాయే డెల్టా వైపు భూమిలోకి దిగిపోతుంది. దాని కింద కూడా అవక్షేప పొరలున్నాయి. పైన 2,500 వేగమున్న అవక్షేపం, కింద 5,000 వేగమున్న బసాల్ట్ అనుకుంటే, 30 డిగ్రీల కంటే ఎక్కువ ఏటవాలుగా వచ్చిన తరంగం రాతిలోకి దిగదు, మొత్తం వెనక్కి తిరుగుతుంది. నిటారుగా వెళ్లినదాంట్లో కూడా చాలా భాగం పై అంచు నుంచే మళ్లి, బలమైన మల్టిపుల్‌గా మారుతుంది. మల్టిపుల్‌ను తోసేయాలంటే దూరపు ట్రేస్‌లు కావాలి. బసాల్ట్ కిందికి వెళ్లి రావాల్సిన తరంగానికేమో కోణం పరిమితం. అందుకే బసాల్ట్ కింద చిత్రం కావాలంటే తక్కువ పౌనఃపున్యాలు ఎక్కువగా ఉన్న షాట్, పొడవైన తీగ, మల్టిపుల్‌ను ముందే అంచనా వేసి తీసేసే లెక్కలు మూడూ కావాలి. ఒక్క స్టాకింగ్ మీద భారం వేస్తే అది మోయలేదు.

మేన్ ఆరు ట్రేస్‌లను కలపడానికే విడిగా రికార్డు చేయించాడు. కలపకుండా చూస్తే కూడా వాటిలో సమాచారం ఉందని తర్వాత తేలింది. గ్యాస్ నిండిన ఇసుకరాయి నుంచి వచ్చే ప్రతిఫలనం బలం చాలాసార్లు దూరంతో పాటు పెరుగుతుందని, నీళ్లున్న ఇసుకరాయికి అలా జరగదని 1984లో ఆస్ట్రాండర్ అనే భూభౌతిక శాస్త్రవేత్త చూపించాడు. ఆరింటినీ కూడితే ఆ తేడా సగటులో కలిసిపోతుంది. అందుకే ఇప్పుడు దగ్గరి ట్రేస్‌లను ఒక కూడికగా, దూరపువాటిని ఇంకో కూడికగా విడదీసి పక్కపక్కన పెట్టి చూస్తారు. దూరపు కూడికలో వెలిగి, దగ్గరి కూడికలో మసకగా ఉన్న పొర మీద దృష్టి పెడతారు. దీనికీ ఒక హద్దుంది. ఇసుకరాతి రంధ్రాల్లో గ్యాస్ కొద్ది శాతమే ఉన్నా తరంగ వేగం దాదాపు పూర్తిగా గ్యాస్ నిండినప్పుడు పడినంతగా పడిపోతుంది. వెలిగిన పొరలో వాణిజ్యానికి పనికొచ్చేంత గ్యాస్ ఉందో, నీళ్లలో కలిసిన కాస్త గ్యాసే ఉందో ఈ రెండు కూడికలు చెప్పలేవు. దానికి బావి తవ్వాల్సిందే.